రాగి నవ్వు

టోపీ కళ్ళమీదికి దించుకున్న మనిషొకడు ఎమెట్ ట్రాస్క్ స్టూడియో తలుపు తట్టాడు. లోపలినుంచి ట్రాస్క్ "ఎవరది?" అన్నాడు. బయటివాడు పలకలేదు. కథ అక్కడిదాకా వచ్చింది. ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళు తికమక పడకుండా నాలుగు ముక్కలు చెప్పి ఆ తలుపు తీస్తాను.

ట్రాస్క్ మా హార్లో ఫెర్రీ ఊరివాడే. హడ్సన్ నదికి ఎగువన, కొండవాలులో, పాత గుర్రాలశాలని స్టూడియోగా మార్చుకుని భార్య లొరీనాతో ఉంటున్నాడు. ఒకప్పుడు న్యూయార్క్ వారపత్రిక అట్టమీద అతని బొమ్మ రాని నెల లేదు. యాపిల్ కొరికే అమ్మాయి, బేస్‌బాల్ బ్యాటు భుజాన వేసుకున్న కుర్రాడు, కొత్త కారు పక్కన నిలబడ్డ మొగుడూ పెళ్ళాం, అందరిదీ ఒకటే నవ్వు. జనం ఆ నవ్వు కోసమే పత్రిక కొనేవాళ్ళు. అమెరికా ఐరోపా యుద్ధంలోకి దిగిన ఏడాది అతను వేసిన నవ్వే సైనికుడి బొమ్మ పత్రిక అట్ట దిగి ఊరూరా పోస్టాఫీసు గోడలెక్కింది. దాన్ని చూసి ఎంతమంది పిల్లలు సైన్యంలో చేరారో ఎవరికీ తెలియదు. తర్వాత గాలి మారింది. కొత్త ఎడిటరుకి ఫోటోలు కావాలి, జుట్టు కత్తిరించుకున్న అమ్మాయిలు కావాలి. ట్రాస్క్ బొమ్మలు అమ్మమ్మల కాలంనాటివి అయిపోయాయి. పత్రిక కబురు పంపడం మానేసింది. అతను కుర్రతనంలో నేర్చుకున్న శిల్పం పనిని మళ్ళీ పట్టుకున్నాడు. యుద్ధంలో పోయిన పిల్లల గుర్తుగా కంచు సైనికుణ్ణి నిలబెట్టాలని ఊరు తీర్మానించి, ఆ పని అతనికే ఇచ్చింది. మట్టి విగ్రహం మెడదాకా తయారైంది. తల కుదరడం లేదు. కమిటీ పెద్ద జడ్జి బోయ్డ్ చూడటానికి వస్తానన్నది ఆ రోజు సాయంత్రమే.

ట్రాస్క్ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీశాడు.

ఎదురుగా ఉన్న మనిషి టోపీ తీశాడు. బుగ్గలు నున్నగా, లేత గులాబీ రంగులో ఉన్నాయి. చక్కగా కత్తిరించిన గోధుమరంగు మీసం. పెదవుల చివరలు కాస్త పైకి లేచి, ఇప్పుడే ఏదో మంచి కబురు విన్నట్టున్నాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడి ముఖం. కానీ దానిపైన కళ్ళజోడు వెనకాల ఉన్న కళ్ళు ముసలివి. కణతల దగ్గర జుట్టు నెరిసింది. గడ్డం దగ్గర రంగు పెచ్చులూడి, లోపలి రాగి రేకు కనిపిస్తోంది.

ట్రాస్క్‌కి మనిషి వెంటనే గుర్తు రాలేదు. తన పనితనం గుర్తొచ్చింది.

"ఓరిన్," అన్నాడు కాసేపటికి. "ఓరిన్ హ్యాచ్."

"నేనేనండి ట్రాస్క్ గారూ."

మాట ముద్దగా, ముక్కుతో వచ్చింది. ఆ రాగి పెదవులు కదలలేదు.

ఈ ఓరిన్ ఎవరంటే, ఆ నవ్వే సైనికుడి బొమ్మకి కూర్చున్న కుర్రాడు. మెయిన్ స్ట్రీట్‌లో ఇనపసామాన్ల కొట్లో మేకులు తూచి అమ్మేవాడు. ట్రాస్క్ అతన్ని చూసి, ఇంటికి పిలిచి, అద్దెకు తెచ్చిన యూనిఫారం తొడిగి నవ్వమన్నాడు. బొమ్మ పోస్టాఫీసులో వేలాడిన వారానికి, తన ముఖం తననే పిలుస్తుంటే ఇంట్లో కూర్చోవడం సిగ్గనిపించి, ఓరిన్ సైన్యంలో చేరాడు. ఫ్రాన్సులో ఆర్గాన్ అడవిలో ఫిరంగి షెల్ పడి కళ్ళకింది నుంచి గడ్డం దాకా ముఖమంతా పోయింది. అప్పటికి ట్రాస్క్ పారిస్‌లో ఉన్నాడు. ముఖాలు పోయిన సైనికులకి పల్చని రాగి రేకుతో మాస్కులు చేసి, రంగులు వేసి, కళ్ళజోడుకి తగిలించి ఇచ్చే పని అక్కడ అతనిది. ఓరిన్ వంతు వచ్చినప్పుడు అతని పాత ఫోటో ఒక్కటీ దొరకలేదు. ట్రాస్క్ తన బొమ్మనే ఎదురుగా పెట్టుకుని మాస్కు చేశాడు.

"లోపలికి రావోయ్. ఎక్కడుంటున్నావిప్పుడు?"

"యూటికాలో. సినిమా హాల్లో మెషీను నడుపుతాను. చీకటి గది. మెట్లెక్కి పైకి ఎవరూ రారు, హాయి."

"కూర్చో, కూర్చో."

"ముందు ఎందుకొచ్చానో చెప్పనివ్వండి. విన్నాక కూర్చోమంటారో పొమ్మంటారో మీ ఇష్టం."

అతను నిలబడే చెప్పాడు. యుద్ధం నుంచి వచ్చాక వెర్నా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మాస్కు కింద ఏముందో చూపించమని ఆమె అడగలేదు, అతను చూపించలేదు. దీపం ఆర్పాకే తీసేవాడు. ఒక పాప పుట్టింది, నెల్. నాన్న ముఖం అలాగే ఉంటుందనుకుని పెరిగింది. ఎప్పుడూ నవ్వే నాన్న అని పక్కింటి పిల్లలతో గొప్పలు చెప్పుకునేది.

"పోయిన మార్చిలో దానికి కంఠసర్పి వచ్చిందండి. గొంతు మూసుకుపోయి ఊపిరాడక కొట్టుకుంటోంది. నేను మంచం పక్కన కూచున్నాను. నావంక చూసి అడిగింది, 'నాకు జబ్బు చేస్తే నీకు సరదాగా ఉందా నాన్నా?' అని."

ట్రాస్క్ చేతులు తుడుచుకుంటున్న గుడ్డని బల్లమీద పెట్టేశాడు.

"ఏడుస్తున్నానమ్మా అని చెప్పాను. కళ్ళజోడు కొంచెం ఎత్తి కళ్ళు చూపించాను. అది చూడలేదు. పిల్లలు నోరే చూస్తారు కదండీ. మర్నాడు పోయింది."

స్టూడియో వెనక వంటగదిలో లొరీనా యాపిల్ ముక్కలు ఉడకబెడుతోంది. గరిటె చప్పుడు ఆగింది.

"పాతిపెట్టే చోట వెర్నా వైపు చుట్టాలు కొందరున్నారు, నా సంగతి తెలియనివాళ్ళు. ఎవడో వెనకాల అన్నాడు, వీడికి సిగ్గులేదా అని. అనడా మరి? బిడ్డ పెట్టె గోతిలోకి దింపుతుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. తర్వాత వెర్నా కూడా తట్టుకోలేకపోయింది. ఆ నవ్వుకి ఎదురుగా కూచుని సూపు తాగలేనంది. అక్కగారింటికి వెళ్ళిపోయింది. దాన్నేం అనను." అతను మొదటిసారి చెయ్యెత్తి ఆ రాగి నోటిని తాకాడు. "నాకు నవ్వులేని ముఖం ఒకటి చేసిపెట్టండి. అందం అక్కర్లేదు. కొంచెం వయసు వెయ్యండి. నోరు మామూలుగా మూసెయ్యండి. అంతే నేనడిగేది."

"తియ్యి," అన్నాడు ట్రాస్క్. "తీసి ఆ స్టూలు మీద కూర్చో."

ఓరిన్ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, కళ్ళజోడుతో పాటు ముఖం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడే లొరీనా కాఫీ పట్టుకుని వచ్చింది. చూసింది. పళ్ళెం బల్లమీద పెట్టి, ఎప్పుడూ వచ్చే అతిథిని అడిగినట్టే అడిగింది.

"తాగడానికి గొట్టం కావాలా బాబూ, ఇలాగే తాగుతావా?"

"గొట్టముంటే మంచిదమ్మా."

ఆమె వెళ్ళి కాగితపు గొట్టం తెచ్చిచ్చింది. వంటగదిలోకి తిరిగి వెళ్ళాక గరిటె చప్పుడు చాలాసేపు వినపడలేదు.

పారిస్‌లో ట్రాస్క్ ఇలాంటి ముఖాలు ఎన్నో చూశాడు. కానీ అప్పుడు చూసింది వాటిని ఎలా కప్పాలా అని. రేకు అంచు ఎక్కడ ఆనుతుంది, ఊపిరికి సందు ఎక్కడ వదలాలి, అదే ధ్యాస. ఇప్పుడు కాస్త మట్టి తీసుకుని పలకమీద పరిచి, మూసిన నోరొకటి చేయబోయాడు. పెదవులు దిద్దాడు. చివరల దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు తనంతట తాను పైకి జరిగింది. చెరిపేసి మళ్ళీ చేశాడు. ఈసారి చివరలు కిందికి దించాడు. అది దుఃఖంలా లేదు, అలిగిన పిల్లాడి మూతిలా ఉంది. దాన్ని సరిచేస్తుంటే మళ్ళీ పైకి లేచింది.

ఓరిన్ మెడ చాచి చూశాడు.

"ఇదీ నవ్వుతోందండీ."

"తెలుస్తోంది."

"పోనీ కాసేపు ఆగి చెయ్యండి."

"ఆగితే వచ్చేది కాదు ఇది." ట్రాస్క్ పలకని పక్కకి నెట్టాడు. "నాకు వచ్చింది ఒక్కటే ముఖం ఓరిన్. దాంతోనే బతికాను. ఆడదానికి జుట్టు పెంచాను, మగాడికి మీసం పెట్టాను, పిల్లలకి బుగ్గలు పెట్టాను. లోపల మనిషి ఒకడే. పత్రికవాళ్ళు అది నాకంటే ముందు కనిపెట్టారు."

అతను లేచి మట్టి సైనికుడి ముందుకు వెళ్ళాడు. ఏడడుగుల మనిషి, చేతిలో తుపాకి, మెడమీద బోడి ఇనపకడ్డీ. దానికి గుప్పెడు గుప్పెడు మట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో ముందు అతనికీ తెలియదు. ఓరిన్ వైపు చూడటం, చూసింది పెట్టడం, అంతే. నుదురు బాగానే ఉంది. కళ్ళ గుంటలు బాగానే ఉన్నాయి. వాటికింద ముక్కుండాల్సిన చోట ముక్కు లేదు, పై పెదవి లేదు, ఎడమ దవడ సగం లేదు. లేని చోట్ల ఎలా పోవాలో అతని వేళ్ళకి అలవాటు లేదు. అందుకని చూసి చూసి, నెమ్మదిగా, కొత్తగా పని నేర్చుకునేవాడిలా పోవాల్సి వచ్చింది. చర్మం ముడతలు పడి అతుక్కున్న దారులన్నీ పట్టుకున్నాడు. కాఫీ చల్లారింది. పొద్దు నది అవతలి కొండమీదికి వాలింది.

చేతులు దించేసరికి ట్రాస్క్ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. తన జీవితంలో ఇంత మంచి పని చెయ్యలేదని అతనికి తెలుసు. ఇది ఎవరికీ అక్కర్లేదని కూడా తెలుసు.

ఓరిన్ లేచి వచ్చి దాని ముందు నిలబడ్డాడు.

"నేనేనా?"

"నువ్వే."

"అద్దంలో చూసినప్పుడు ఇంతసేపు చూడను," అన్నాడు ఓరిన్. "ఏడుస్తున్నట్టు కూడా లేదు. ఊరికే... ఉన్నట్టుంది."

బయట కారు ఆగింది. ఓరిన్ గబగబా మాస్కు తొడుక్కుని మూలకి జరిగాడు. ట్రాస్క్ తడిగుడ్డ అందుకున్నాడు గాని తలకి కప్పేలోపే తలుపు తెరుచుకుంది.

జడ్జి బోయ్డ్ టోపీ తియ్యకుండానే వచ్చాడు. పెద్ద బొజ్జ, పెద్ద గొంతు. వెనకాల ఆయన భార్య హనోరా, నల్ల కోటు, నల్ల చేతి తొడుగులు. ఒక్కగానొక్క కొడుకు ఎల్లిస్ ఆ యుద్ధంలోనే పోయాక ఆమె రంగుబట్టలు కట్టడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"ఏం ట్రాస్క్, మనవాడికి తలకాయ మొలిచిందా?" అంటూ వచ్చిన జడ్జి విగ్రహం ముందు ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. "ఇదేమిటి?"

"సైనికుడు."

"సైనికుడు కాదయ్యా. శవం. దీన్ని నడివీధిలో, చర్చి ఎదురుగా నిలబెడతావా? పిల్లలు దానికింద కూచుని ఐస్‌క్రీం తినాలి. ఆడవాళ్ళు పూలు పెట్టాలి. ఊరు నిన్నడిగింది ఏమిటి? ఆ పత్రిక మీద వేశావే, ఆ కుర్రాడు. ఆ నవ్వు. అది చూసే నీకు పనిచ్చాం."

"ఆ కుర్రాడే ఇతను జడ్జిగారూ."

జడ్జి అప్పుడు మూలనున్న మనిషిని చూశాడు. నవ్వుతున్న ముఖాన్ని చూశాడు, మట్టి ముఖాన్ని చూశాడు. గొంతు కొంచెం తగ్గింది.

"హ్యాచ్ కుర్రాడివా? పాపం. అయ్యో పాపం. కానీ నాయనా, నీకు జరిగినదానికి ఊరేం చేస్తుంది చెప్పు? నువ్వే దాన్ని దాచుకున్నావు కదా, మంచిపని చేశావు. మరి ఈయనెందుకు బయటపెడుతున్నాడు?" ట్రాస్క్ వైపు తిరిగాడు. "చూడు, నేను మాటలు నాన్చను. చికాగో కంపెనీవాళ్ళ దగ్గర తయారు చేసిపెట్టిన సైనికులున్నారు. కేటలాగులో చూసి రాస్తే రైల్లో పంపిస్తారు. పక్క ఊళ్ళన్నీ అవే తెప్పించుకున్నాయి. సోమవారం మళ్ళీ వస్తాను. ఆ నవ్వు ఉంటే నీ విగ్రహం కంచులో పోస్తాం. లేదా నీ మట్టి నువ్వే ఉంచుకో."

అంతసేపూ హనోరా చూపు ఓరిన్ మీదే ఉంది.

"నువ్వు సైన్యంలో ఎల్లిస్ కంపెనీలోనే ఉన్నావు కదూ?" అంది.

"అవునమ్మగారూ."

"వాడు పోయినప్పుడు దగ్గరున్నావా?"

"హనోరా, పద," అన్నాడు జడ్జి.

"దగ్గరున్నావా అని అడిగాను."

ఓరిన్ నేలవంక చూశాడు. "ఉన్నాను."

"వాళ్ళ కెప్టెన్ మా ఇంటికొచ్చి చెప్పాడు, క్షణంలో పోయాడు, నొప్పి తెలియలేదు అని. నిజమేనా?"

ఓరిన్ తలెత్తాడు. రాగి ముఖం, ఇప్పుడే ఏదో మంచి కబురు విన్నట్టు, ఆమెవైపు నవ్వుతోంది.

"అది తీసి చెప్పు," అంది హనోరా. "దాంతో చెప్తే వినలేను."

అతను తీశాడు. స్టూలు మీద పెట్టాడు. జడ్జి తల పక్కకి తిప్పుకున్నాడు. హనోరా తిప్పుకోలేదు.

"ఒకే షెల్ పడింది అమ్మగారూ. నాకు ముఖం పోయింది. ఎల్లిస్‌కి పొట్టలో. ఇద్దరం ఒకే గుంటలో పడున్నాం. పొద్దున పడ్డాం, పొద్దుగూకేదాకా ఎవరూ రాలేదు. నాకు మాట రాదు. అతనికి మాట తప్ప ఇంకేం కదలదు. అందుకని మాట్లాడుతూనే ఉన్నాడు."

"ఏం మాట్లాడాడు?"

"మీ పెరట్లో నీళ్ళ పంపు గురించి. చలికాలం వస్తోంది, గడ్డకట్టకుండా నాన్న గోనెపట్టా చుట్టాడో లేదో అని. అదే మళ్ళీ మళ్ళీ. తర్వాత నొప్పి ఎక్కువైంది. అరిచాడు. అది నేను చెప్పను."

"నన్ను పిలిచాడా?"

అబద్ధం చెప్పడం ఎంత తేలికో అందరికీ తెలుసు.

"లేదమ్మగారూ. కుక్కని పిలిచాడు. టాబీ, టాబీ అని. అది వచ్చిందనుకున్నాడో ఏమో, చెయ్యి నేలమీద ఇలా నిమిరాడు. ఆ తర్వాత చీకటిపడింది."

జడ్జి విగ్రహం దిమ్మ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో తెలియలేదు.

"టాబీ అప్పటికే చచ్చిపోయింది," అంది హనోరా. "వాడు బాధపడతాడని చెప్పలేదు."

ఆమె మట్టి తల దగ్గరికి నడిచింది. చెయ్యెత్తింది, తాకలేదు. ట్రాస్క్ ఆమెవైపే చూస్తున్నాడు. ఈ ఊళ్ళో ఎవరైనా ఈ తలని నిలబెట్టగలిగితే అది ఈమె ఒక్కతే. ఆమె సరేనంటే జడ్జి కాదనలేడు.

"మంచి పని ట్రాస్క్ గారూ," అంది ఆమె. "నిజం పని. కానీ నాకు ఆ నవ్వే పెట్టండి. ప్రతి ఆదివారం చర్చినుంచి బయటికి రాగానే ఎదురుగా ఇది కనపడితే నేను బతకలేను. నిజం నాకు తెలిసింది, చాలు. ఊరికి అక్కర్లేదు."

ఓరిన్ వైపు తిరిగి తల వంచింది. మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. వచ్చేటప్పుడు ఆయన ముందు నడిచాడు. పోయేటప్పుడు ఆమె.

కారు వెళ్ళిపోయాక వంటగది తలుపు దగ్గర లొరీనా కనపడింది.

"చెయ్యి," అంది.

"ఏం చెయ్యమంటావు?"

"వాళ్ళడిగింది. సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే."

"లొరీనా, నువ్వు చూశావా ఆ తల?"

"చూశాను. నువ్వు చేసినవాటన్నిట్లోకీ గొప్పది. పత్రికవాళ్ళు నిన్ను పొమ్మన్నప్పుడు నేనొక్క మాట అన్నానా? ఇక్కడికొచ్చి ఈ పాత గోడలకి వెల్లవేసుకున్నాం. నీ బొమ్మలు మళ్ళీ అడుగుతారని నువ్వంటే అవునన్నాను. అడగరని నాకు తెలుసు, అయినా అవునన్నాను. ఆ అబ్బాయి ముఖం చూస్తే నాకు భయం లేదు ఎమెట్. చేతిలో చిల్లిగవ్వ లేని చలికాలం చూస్తేనే భయం."

ఓరిన్ టోపీ అందుకున్నాడు.

"హనోరా అమ్మగారు అడిగినట్టు చెయ్యండి ట్రాస్క్ గారూ. నన్ను చూసి ఆగకండి."

"నీ మాస్కు... సోమవారం అయ్యాక కూర్చుని, నీకు నచ్చేలా..."

"మీ చేతికి రాదు లెండి. మీ తప్పు కాదు." అతను లొరీనా వైపు తిరిగాడు. "కాఫీ బాగుందమ్మా."

"ఉండు బాబూ, మొక్కజొన్న రొట్టె కట్టిస్తాను," అని ఆమె లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అతను లేడు. పొట్లం బల్లమీద పెట్టేసి, కొంగులాంటి ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుంది.

ట్రాస్క్ మట్టి కోసే తీగ తీసుకున్నాడు. తల ముందు ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత గడ్డం కిందినుంచి పైకి, ముఖం మొత్తం ఒక్క ఊపులో కోసేశాడు. ఊడివచ్చిన మట్టిని బల్లమీద వేసి, పిడికిళ్ళతో పిసికి ముద్ద చేశాడు. అదే ముద్దని మళ్ళీ కడ్డీకి పెట్టాడు. చేతులు పరుగెత్తాయి. నున్నని బుగ్గలు, తిన్నని ముక్కు, చివరలు పైకి లేచిన పెదవులు. ఆ తలకి మధ్యాహ్నమంతా పట్టింది, ఇది మాత్రం లొరీనా దీపం వెలిగించి వచ్చేంతలో అయిపోయింది. ఇంత తేలిగ్గా వచ్చినందుకు అతనికి తనమీద తనకే అసహ్యమేసింది. వేళ్ళకి మాత్రం ఆ అసహ్యం తెలియదు. అవి ఆ నవ్వుని ఇంకా నున్నగా దిద్దుతూనే ఉన్నాయి.

కారు మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు స్తంభానికి రాసుకుంటూ వచ్చి ఆగింది.

హనోరా బోయ్డ్ ఒక్కతే లోపలికొచ్చింది. చేతి తొడుగులు లేవు.

"జడ్జిగారిని ఇంటిదగ్గర దించి వస్తున్నాను," అంది. "పంపు దగ్గర కూచున్నారు. లేవమంటే లేవడం లేదు." ఊపిరి తీసుకుంది. "ట్రాస్క్ గారూ, ఇంటి ముందు కారు ఆపి ఎల్లిస్ ముఖం గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. రాలేదు. మీ పత్రిక మీది కుర్రాడే వస్తున్నాడు. ఎంత తరిమినా ఆ నవ్వే. ఇది ఇవాళ్టిది కాదని అప్పుడు తెలిసింది. ఎన్నేళ్ళనుంచో నేను కొడుకు అనుకుని తల్చుకుంటున్నది వాణ్ణే. మా వాడి ముక్కు ఎలా ఉండేదో నాకు గుర్తులేదు."

ట్రాస్క్ విగ్రహానికి అడ్డంగా నిలబడ్డాడు. మణికట్ల దాకా మట్టి.

"ఇందాక ఆ అబ్బాయి చెప్తుంటే, ఆ మట్టి తల చూస్తుంటే, ఒక్క క్షణం ఎల్లిస్ కనిపించాడు. వాడే. ఎలాగో తెలియదు. ఆ తల నాకు కావాలి. ఊళ్ళో పెట్టకండి, నాకివ్వండి. నా గదిలో పెట్టుకుంటాను."

ట్రాస్క్ తన మట్టి చేతులవంక చూసుకున్నాడు. లొరీనాయే చెప్పింది.

"ఆ మట్టే అమ్మా ఇది."

హనోరా ట్రాస్క్‌ని చేత్తో పక్కకి జరిపి చూసింది. దీపం వెలుతురులో మట్టి కుర్రాడు తడిగా మెరుస్తూ నవ్వుతున్నాడు.

"నేనే కదా పెట్టమన్నాను," అంది చివరికి. ఆమె గొంతులో కోపం లేదు. "అయితే మళ్ళీ చెయ్యండి."

"మనిషి ఎదురుగా లేకపోతే నా చేతులు చెయ్యవు. ఇవి చేసేది ఇదొక్కటే."

"మనిషిని పిలవండి మరి. ఎటు వెళ్ళాడు?"

ఎవరూ చూడలేదు. రైలు స్టేషనుకి పోయాడేమో అన్నాడు ట్రాస్క్. అంటూ బల్ల చుట్టూ తిరిగి వచ్చినవాడు స్టూలు దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడుతో సహా రాగి ముఖం అక్కడే ఉంది. ఓరిన్ దాన్ని మర్చిపోయి వెళ్ళే మనిషి కాదు. ఇన్నేళ్ళలో పక్కింటివాళ్ళకి కూడా ముఖం చూపించనివాడు, మెయిన్ స్ట్రీట్‌లో కొట్లు కట్టేసే వేళ, జనమంతా వీధిలో ఉండే వేళ, వట్టి ముఖంతో నడుచుకుంటూ వెళ్ళాడు.

స్టేషనుకి పోయే దారీ, నది రేవుకి దిగే దారీ కొండకింద ఒక్కచోటే చీలుతాయి. ఎటు మళ్ళాడో అన్న ఆలోచన ముగ్గురికీ ఒక్కసారే వచ్చింది.

లొరీనా ఏప్రన్ విప్పి కుర్చీమీద పడేసి శాలువా తీసుకుంది.

"మీకు కారు నడపడం వచ్చా, మిసెస్ ట్రాస్క్?" అని అడిగింది హనోరా.

"రాదమ్మా."

"నాకూ సరిగ్గా రాదు. మీ గేటు స్తంభం విరిచాననుకుంటాను. ఎక్కండి, ఇద్దరూ ఎక్కండి."